నేర్పినావిడ పేరు రాయండి

(ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్ల మహిళా చిత్రకారులు కలుసుకున్న రోజు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బరంపురం నుంచి, గుణుపూర్ నుంచి, కాశీనగర్ నుంచి, ఏటికి ఆవల పాతపట్నం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లకు, పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులకు మరీ ముఖ్యంగా. పిల్లలు ఏడిస్తే బయటికి తీసుకెళ్లిపోవాలని మొహమాటపడకండి. నేను ఏళ్ల తరబడి బళ్లో డ్రాయింగ్ చెప్పినదాన్ని, ఆ గోల లేకపోతేనే నాకు మాట రాదు.

నన్ను మాట్లాడమన్న విషయం మహిళా కళాకారులు, సమాజం, వర్క్‌షాపులు. ఫ్లెక్సీ మీద వేస్తే మూడు మాటలూ బాగానే ఉంటాయి. నేను మాత్రం ఒక్క సంగతే పట్టుకుంటాను. మన ఊళ్లలో వర్క్‌షాపు అని ఒకటి జరుగుతుంది. జ్యోతి వెలిగిస్తారు, ఫొటోలు దిగుతారు, సర్టిఫికెట్లు పంచుతారు, భోజనం పొట్లాలు తింటారు. సాయంత్రానికి టెంటు విప్పేస్తారు. మర్నాడు మన ఊళ్లో ఏం మిగిలింది? నేర్చుకున్నావిడ ఇంకో నలుగురికి నేర్పగలుగుతోందా? నేర్పినావిడ తన పేరు చెప్పించుకుని, తన కూలి చేతిలో పెట్టించుకుని ఇంటికెళ్లిందా? ఈ రెండూ లేకపోతే అది తిరనాళ్లు. తిరనాళ్ల మీద నాకేం కోపం లేదు, జీళ్లు కొనుక్కోవచ్చు. దాన్ని శిక్షణ అని మాత్రం అనకండి.

మన ముంగిట నుంచే మొదలుపెడతాను. బొమ్మలు నేర్పుతున్నాం, రండి అని వీధిలో పిలిస్తే అందరూ అనే మాట ఒక్కటే, "నాకు బొమ్మలు రావమ్మా." ఆ మాట అన్నావిడ గుమ్మం ముందే పదిహేను చుక్కల మెలికల ముగ్గు ఉంటుంది. ఏ చుక్కా వదలకుండా, గీసిన గీత మీద మళ్లీ గీయకుండా, తిప్పుకుంటూ తిప్పుకుంటూ వచ్చి మొదలెట్టిన చోటే కలిపేస్తుంది. తలెత్తి చూస్తే నాలుగు పక్కలా ఒకే కొలత. స్కేలు లేదు, పెన్సిలు లేదు, తప్పు పోతే చెరిపే రబ్బరు లేదు. అదే మనిషికి చార్టు ముక్క, పెన్సిలు ఇస్తే చెయ్యి బిగుసుకుపోతుంది. కాగితం బడిది, నేల తనది. అందుకని మేం వీధిలో కూర్చోబెట్టి నేర్పేటప్పుడు మొదటి రోజు కాగితం బయటికి తియ్యం. పేడనీళ్లు చల్లిన అరుగు మీదో, జాజు పూసిన చెక్క మీదో మొదలుపెడతాం. ముందు తనకొచ్చినది తను వేస్తుంది, నేను చూస్తాను. అక్కడ నేర్చుకునేది నేనే.

ముగ్గుల పుస్తకాల గురించి కూడా చెప్పాలి. మన అమ్మమ్మల కాలం నుంచీ పాత లెక్కల నోటుబుక్కుల్లో చుక్కలు పెట్టి దాచుకున్నవి ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉన్నాయి. ఈ ముగ్గు ఫలానా మేనత్తది, ఇది పెళ్లయి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది అని పక్కన రాసి ఉంటుంది. ముగ్గు పుస్తకం అరువిస్తే, అది తిరిగి రాకపోతే, ఆ రెండిళ్ల మధ్య మూడు తరాలు మాటల్లేకుండా పోయిన సందర్భాలు మీకూ తెలుసు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, ఎవరి దగ్గర నేర్చుకున్నామో పక్కన రాసిపెట్టుకునే పద్ధతి మనకి ఆ నోటుబుక్కుల్లోనే ఉంది. ఇప్పుడు వాట్సాప్‌లో ముగ్గు వస్తుంది. ఎవరిదో తెలీదు, ఇంకో పదిమందికి పంపేస్తాం. పంపడం తప్పు కాదు, ఆ పేరు రాలిపోవడమే నాకు నచ్చదు. మన ఊళ్లో ఇప్పుడు ఇంకో చిత్రం కూడా చూస్తున్నాను. ముప్పై ఏళ్లు దాటని కోడళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బళ్లో చదివింది మాత్రం ఒడియా. అంచేత ముగ్గుల పుస్తకంలో రథం ముగ్గు, పందిరి ముగ్గు అని తెలుగు పేర్లే ఒడియా అక్షరాల్లో రాసుకుంటారు. దాన్ని చూసి అయ్యో అని బుగ్గలు నొక్కుకునే పెద్దలున్నారు. నాకు ముచ్చటేసింది. రాసుకుంటున్నారు కదా, అది చాలు.

పక్కింటి ఒడియా ఆవిడ దగ్గర మనం నేర్చుకున్నది కూడా తక్కువేం కాదు. మార్గశిరం లక్ష్మివారాలు వాళ్లూ చేస్తారు, మనమూ చేస్తాం. వాళ్లు కొత్త ధాన్యం కొలతతో నింపి, మాణబసా అని, ఇల్లంతా ఝోటి వేస్తారు. ఝోటి వేయడం ముగ్గు పెట్టినట్టు కాదు, చూసినవాళ్లకే తెలుస్తుంది. బియ్యం నానబెట్టి, సన్నికల్లు మీద వెన్నలా నూరి, మజ్జిగ కంటే కొంచెం చిక్కగా కలుపుతారు. చిన్న గుడ్డపేలిక అందులో ముంచి గుప్పిట్లో పట్టుకుని పిండుతుంటే ఆ తడి ఉంగరం వేలి మీంచి దిగుతుంది. ఆ వేలే కలం. ఎర్రమట్టి అలికిన నేల మీద ఆ గీత పడినప్పుడు సరిగ్గా కనపడదు, నీళ్లు ఒలికినట్టు ఉంటుంది. కాసేపటికి ఆరుతుంటే అప్పుడు పాలతెలుపు తేలుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే తడబడతారు. కనపడలేదని మళ్లీ పోస్తారు, ఇంకోసారి పోస్తారు, అది ఆరాక గీత కాస్తా గట్టులా లేచి పగిలిపోతుంది. తెలిసినావిడ పక్కన కూర్చుని, "ఉండమ్మా, అది వస్తుంది, చెయ్యి తీసెయ్" అని చెప్పాలి. ఈ ఒక్క ముక్క వీడియో చూస్తే రాదు. వీడియోలో ఆరే టైము కత్తిరించేస్తారు కదా.

ఆ లక్ష్మివారాల్లో వాళ్లు లక్ష్మీ పురాణం చదువుతారు. బలరామదాసు రాసిన కథ. మన ఇళ్లల్లో కూడా వినేవాళ్లున్నారు. ఆ కథలో ముఖ్యమైన మనిషి శ్రియ అనే చండాల స్త్రీ. మార్గశిర లక్ష్మివారం తెల్లవారకముందే లేచి, ఇల్లు అలికి, బియ్యప్పిండితో పద్మం వేసింది. లక్ష్మీదేవి ఊరంతా తిరిగి చూసి ఆమె ఇంట్లోనే కాలు పెట్టింది. ఆ మాట తెలిసి బలరాముడు మండిపడ్డాడు, జగన్నాథుడు భార్యని గుడిలోకి రానివ్వలేదు. తర్వాత అన్నదమ్ములిద్దరికీ ఎక్కడా తిండి పుట్టలేదు. ముష్టెత్తినా దొరకలేదు. చివరికి లక్ష్మి పెట్టిన షరతు మీదే ఆమె తిరిగొచ్చింది. పూరీలో ప్రసాదం దగ్గర కులం చూడకూడదన్నదే ఆ షరతు.

ఇది భక్తి ఉపన్యాసం కాదు, మా క్లాసుల్లో ఎదురైన సంగతి చెప్పడానికే ఎత్తాను. ముగ్గు క్లాసుకి మా వీధి వాళ్లంతా వస్తారు. వీధి చివరి కాలనీ నుంచి ఒకావిడ వస్తే, ఆవిడ పక్కన చాప మీద జాగా ఉంటుంది. అందరూ ఇరుక్కుని ఇటే కూర్చుంటారు, అటు మాత్రం ఖాళీ. ఎవరూ నోరెత్తి ఏమీ అనరు. అందుకని ఎవరు ఎక్కడ కూర్చోవాలో చీట్లు తీయడం మొదలుపెట్టాం. పేరు చీటీ ఎక్కడ పడితే అక్కడ కూర్చోవాలి. మొదట్లో సణిగారు. ఒకావిడ మానేసింది కూడా, మళ్లీ రాలేదు. చీట్లు మాత్రం మానలేదు. సమాజంతో కళ పంచుకుంటున్నాం అంటాం కదా, ఆ సమాజంలో ఎవరెవరు ఉన్నారో చాప మీద తేలిపోతుంది.

ఇక కొండ మీదికి వద్దాం. మన గజపతి జిల్లాలో, రాయగడ జిల్లాలో సవరల ఇళ్ల గోడల మీద బొమ్మలు మీకు తెలుసు. ఇప్పుడు పర్సుల మీద, దిండు గలీబుల మీద, రైల్వే స్టేషన్ గోడల మీద కూడా కనిపిస్తాయి. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో, నమిలి మెత్తబరిచిన వెదురుపుల్లతో వేసేది. ముందు అంచు గీస్తారు, ఇల్లు కట్టినట్టు. తర్వాత ఆ అంచు నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. మనుషులు, ఏనుగులు, గుర్రాలు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు, తర్వాత్తర్వాత సైకిళ్లు, విమానాలు కూడా వచ్చాయి. అలంకారానికి వేసేది కాదది. చనిపోయినవాళ్ల కోసం, దేవతల కోసం, జబ్బు తగ్గాలని, పంట రావాలని వేస్తారు. ఆ బొమ్మను ఇడితాల్ అంటారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద వేసిన పెద్ద పుస్తకంలో వీటి గురించి వివరంగా రాశాడు.

ఇక్కడ ఆడవాళ్లకు సంబంధించిన తిరకాసు ఒకటుంది. సంప్రదాయం ప్రకారం గోడ మీద బొమ్మ వేసేది ఎక్కువగా మగవాళ్లే. కానీ చచ్చిపోయినవాళ్లతో మాట్లాడేది, వాళ్ల మాట బతికున్నవాళ్లకి వినిపించేది ఎక్కువగా ఆడ పూజారులు. వాళ్లు పాట ఎత్తుకుంటే చనిపోయిన తాత వచ్చి మాట్లాడతాడు, అలుగుతాడు, బాకీలు అడుగుతాడు. గొంతు ఆడదానిది, గోడ మీద గీత మగవాడిది. ఇప్పుడు చాలా సవర గ్రామాలు క్రైస్తవంలోకి వెళ్లాయి, గోడ మీద బొమ్మ అవసరం తగ్గింది. సరిగ్గా అప్పుడే కాగితం, క్యాన్వాసు వచ్చాయి. కాగితం మీద వేసేవాళ్లలో ఆడపిల్లలు కనిపిస్తున్నారు. వాళ్ల ఇంట్లో గోడ మీద బొమ్మ లేదు, అమ్మమ్మ ఊళ్లో ఉండేదట. వాళ్ల చేతిలో మాత్రం ఉంది. దీన్ని చూసి కొందరు పాడైపోయిందంటారు, కొందరు ఆడవాళ్లు ముందుకొచ్చారని చప్పట్లు కొడతారు. నేను చప్పట్లు కొట్టే వైపే ఉంటాను. అయితే గోడ నుంచి కాగితం మీదికి దిగినప్పుడు పేరు ఎవరి ఖాతాలో పడుతుందో మాత్రం కళ్లు తెరుచుకుని చూస్తుంటాను.

ఎందుకంటే ఇది మన దేశంలో రెండు చోట్ల రెండు రకాలుగా జరిగింది. బీహార్‌లో మిథిల వైపు గోడల మీద బొమ్మలు ఆడవాళ్లవి. 1934 భూకంపంలో ఇళ్లు కూలినప్పుడు డబ్ల్యూ.జి. ఆర్చర్ అనే ఇంగ్లీషు అధికారి ఆ గోడలు చూసి ఆశ్చర్యపోయాడు. తర్వాత 1966-67లో కరువొచ్చింది. హస్తకళల బోర్డు నుంచి పుపుల్ జయకర్ గారు భాస్కర్ కులకర్ణి అనే చిత్రకారుణ్ణి అక్కడికి పంపారు. ఆయన ఆడవాళ్లకి కాగితాలిచ్చి, గోడ మీద వేసేది దీని మీద వెయ్యండి, కొంటాం అన్నాడు. కరువు పని కింద మట్టి మొయ్యడానికి బదులు బొమ్మలు. జగదంబా దేవికి 1975లో పద్మశ్రీ వచ్చింది, సీతాదేవికి 1981లో, గంగాదేవికి 1984లో. ఆ గంగాదేవి క్యాన్సర్ వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ ఆసుపత్రినే, ఆ మంచాన్నే, ఆ డాక్టర్లనే అదే మిథిల గీతలో వేసింది. పెళ్లి గదిలో తామరాకులు వేయడానికి నేర్చుకున్న చెయ్యి అది. మన పిల్లలకి చూపించండి, మీరు కూడా చూడండి.

అదే కులకర్ణి గారు మహారాష్ట్రలో వార్లీ గిరిజనుల దగ్గరికీ వెళ్లారు. అక్కడా పెళ్లికి గోడ మీద చౌకు అనే బొమ్మ వేసేది ముత్తయిదువలే. కానీ కాగితం మీదికి వచ్చేసరికి దేశమంతా తెలిసిన పేరు జివ్యా సోమా మాషే, ఆయన మగవాడు. గొప్ప చిత్రకారుడు, అందులో సందేహం లేదు, 2011లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన మీద నాకు గౌరవమే. అయినా పట్నం వెళ్లడం, బస్సెక్కడం, ఎగ్జిబిషన్‌లో నాలుగు రోజులు కూర్చోవడం, రాత్రి బస చెయ్యడం ఎవరికి తేలిక, ఎవరికి కష్టం? గోడకి ఆడవాళ్లు సరిపోయారు, రైలెక్కాల్సి వచ్చేసరికి మగవాళ్లు ముందుకెళ్లారు. చెయ్యి మంచిదా కాదా అన్న లెక్కతో దీనికి సంబంధం లేదు. ఇల్లు వదిలి రావడం ఎవరి చేతుల్లో ఉందన్నదే లెక్క. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని, మగవాళ్లు 97 నిమిషాలని తేలింది. సుమారు అయిదు గంటలు. మనలో ఇక్కడికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఆ అయిదు గంటల్ని పొద్దున్నే ముగించుకునో, అత్తగారికి అప్పజెప్పో వచ్చారు. కొందరు అబద్ధం చెప్పి కూడా వచ్చి ఉంటారు. (నవ్వులు)

పేరు సంగతికొస్తే మన ఊరి పెద్దాయన్నే తీసుకుందాం. గిడుగు రామ్మూర్తి పంతులు గారు ఈ ఊళ్లో మాస్టారు. సవర భాష నేర్చుకున్నారు, ముందు తెలుగు లిపిలో ఆ భాషలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్లు పెట్టారు, నిఘంటువు తయారుచేశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు కలిసినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మనం ఉండిపోయాం. ఆగస్టు 29న ఏటా ఆయనకి దండ వేస్తాం, వేయాలి కూడా. ఆయన సవర ఎలా నేర్చుకున్నారు? ఆ భాష వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ మనిషి పేరేంటి? సభలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. దండ వేసే రోజున ఆ రెండో పేరు కూడా చదవాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

పాత కాలం సంగతి కదా అంటారేమో. మొన్నమొన్నటిది చెబుతాను. ఒక సంస్థ, పేరు వద్దులెండి, పట్నంలో ఎగ్జిబిషన్ పెట్టి నన్నూ, ఇద్దరు సవర అమ్మాయిల్నీ పిలిచింది. వాళ్లు అందరి ముందూ కూర్చుని బొమ్మ వేయాలి, వచ్చినవాళ్లు చూస్తారు. వేశారు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా మెడ ఎత్తకుండా వేశారు. మర్నాడు ఆ బొమ్మని ఫ్రేములో పెట్టి గోడకి తగిలించారు. కింద "గిరిజన చిత్రకళ, ఒడిశా" అని బోర్డు. వేసినవాళ్ల పేర్లు లేవు. ఫ్రేము మూల మాత్రం ఆ ఫ్రేము కట్టిన షాపు స్టిక్కరు ఉంది, ఫోన్ నంబరుతో సహా. అమ్మాయిల్లో చిన్నది అది చూసింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. నా బ్యాగులోంచి పెన్ను తీసుకుని, ఆ బోర్డు మీద ఖాళీ జాగాలో ఒడియా అక్షరాలతో ఇద్దరి పేర్లూ, ఊరి పేరూ రాసేసింది. నిర్వాహకులు గుర్రుగా చూశారు. నేను అటు తిరిగి నీళ్లు తాగాను. చేతికిచ్చింది దారి ఖర్చులు, ఒక శాలువా. మే నెలలో మన ఎండకి ఆ శాలువా ఏం చేసుకుంటారు చెప్పండి?

ప్రభుత్వం వైపు నుంచి కొన్ని మంచి పనులు జరిగాయి, కాదనను. 2024 జనవరిలో సవరల్లో ఒక శాఖ అయిన లాంజియా సవరల చిత్రాలకీ, నియమగిరి కొండల్లోని డొంగ్రియా కొంధు గిరిజనుల ఎంబ్రాయిడరీ శాలువాకీ జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. ఆ శాలువా పూర్తిగా ఆడపిల్లల పని. అన్నకో తమ్ముడికో, మనసైనవాడికో ఇవ్వడానికి కుట్టుకునేది. పేపర్లో వార్త చూసి మనం సంబరపడ్డాం. జీఐ ఎలా పనిచేస్తుందో కాస్త తెలుసుకోండి. రిజిస్ట్రేషను ఏదో ఒక సంఘం పేరు మీదో, సంస్థ పేరు మీదో ఉంటుంది. ఆ పేరు పెట్టి తన సరుకు అమ్ముకోవాలనుకునే మనిషి అధీకృత వినియోగదారుగా విడిగా తన పేరు నమోదు చేయించుకోవాలి. ఆ జాబితాలో ఎంతమంది ఆడవాళ్లు ఉన్నారో అడగండి. అలాగే చేతివృత్తులవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే పహచాన్ గుర్తింపు కార్డు ఇంటి పెద్ద పేరున తీసుకుని ఊరుకోవద్దు, పని చేసేది ఎవరో వాళ్ల పేరున తీసుకోండి. బరంపురం పట్టుచీర సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. గోదావరి వైపు నుంచి వచ్చామని చెప్పుకునే నేతవాళ్లు. కుంభం అంచు వేసేది మగ్గం మీద కూర్చున్న మగవాడు. కండెలు చుట్టి, దారం సరిచేసి, రాత్రి దాకా ఇంట్లో ఆ పని నడిపించేది ఆడవాళ్లు. చీర మీద వాళ్ల పేరు ఏ మూలా ఉండదు. ఈ ముక్క ఇక్కడితో ఆపుతాను, ఎత్తుకుంటే పొద్దుపోతుంది.

మరి మనం ఎలా చెయ్యాలి? పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. ముందు కాలం చూసుకోండి. జూలై, ఆగస్టుల్లో నాట్లు. వేసవిలో జీడిపిక్కలు. ఆ రోజుల్లో వర్క్‌షాపు పెడితే వచ్చేది ఉద్యోగస్తుల భార్యలు, కాలేజీ పిల్లలు. రానివ్వండి, మంచిదే, కానీ చేతిలో పని ఉన్నావిడ ఆ రోజు కూలి మానుకుని రాదు. సంక్రాంతి వెళ్లాక, జీడి మొదలయ్యేలోపు పెట్టండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు పెట్టండి. అయినా కూలి మానుకుని వచ్చేవాళ్లు ఉంటారు, నేర్చుకోవడానికి వచ్చినా సరే ఆ కూలి ఇవ్వండి. డబ్బెక్కడిది అంటారు. ఫ్లెక్సీ మానేయండి, ముఖ్య అతిథి కారు మానేయండి, బొకేలు మానేయండి. మా వీధిలో మేం స్వయం సహాయక సంఘం మీటింగు రోజునే పెట్టుకుంటున్నాం. ఎలాగూ అందరూ వచ్చి కూర్చుంటారు, అప్పు వాయిదాల లెక్క అయ్యాక గంటన్నర బొమ్మలు. వేరే హాలు ఖర్చు లేదు. వాయిదా కట్టలేనివాళ్లు ఆ గంటన్నరలో కాస్త తేలికపడతారు కూడా.

సరుకు ఇంట్లో దొరికేదే వాడండి. జాజు, బియ్యప్పిండి, తుమ్మబంక, పాత చీర ముక్క. అమ్మకానికైతే క్యాన్వాసు, యాక్రిలిక్ తప్పదు, బియ్యప్పిండి బొమ్మని పురుగు తినేస్తుంది. కానీ మొదటి రోజే ఖరీదైన రంగుల డబ్బా చేతికిస్తే, ఆ డబ్బా అయిపోయిన రోజున ఆవిడ బొమ్మలు కూడా ఆగిపోతాయి.

భాష సంగతి ఇంకాస్త చిక్కు. గదిలో తెలుగు, ఒడియా, సవర మూడూ ఉంటాయి. నేర్పేది సవర అమ్మాయి అయితే ఆమె సవరలోనే చెప్పాలి, ఒడియాలోకో తెలుగులోకో ఇంకొకరు మార్చాలి. మార్చడానికి టైము పడుతుంది, పట్టనివ్వండి. మనకి అలవాటైన పద్ధతేంటంటే, ఆమెను మూల కూర్చోబెట్టి బొమ్మ వేయిస్తాం, మైకు పట్టుకుని ఆ బొమ్మకి అర్థం మనం చెబుతాం. ఆ మైకు ఆమెకివ్వండి. ఆమె రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటే ఊరుకోనివ్వండి. దేవుడికి వేసే బొమ్మలో అందరికీ చెప్పకూడనివి కూడా ఉంటాయి, చెప్పనన్న మనిషిని పీకి పీకి అడగకూడదు.

ఇంకో సంగతి, కొందరికి నచ్చదు, అయినా చెబుతాను. సవర బొమ్మ నేర్చుకున్న మన తెలుగు, ఒడియా ఆడవాళ్లు దాన్ని వేసి అమ్ముకోవచ్చా అని నన్ను అడుగుతుంటారు. నేర్చుకోండి, మీ ఇంట్లో గోడకి పెట్టుకోండి, కూతురి పెళ్లికి కానుకివ్వండి. అమ్మకం మాత్రం వాళ్లకి వదిలేయండి. వాళ్లకి ఫొటో తీయడం, ఆన్‌లైన్లో పెట్టడం, ప్యాకింగ్, కొరియర్, జీఎస్టీ లెక్క కష్టంగా ఉంటే ఆ పని మనం చేసి, ఆ పనికి మన డబ్బు మనం తీసుకుందాం. మనకి అమ్ముకోడానికి ఏమీ లేదా? మన ముగ్గు ఉంది. చుక్కల లెక్క వచ్చినావిడ దాన్ని బ్యాగు మీద, దుప్పటి మీద, టేబుల్ క్లాత్ మీద ఎందుకు వేయకూడదు? గుణుపూర్‌లో కొందరు కాటన్ చీర అంచుల మీద మెలికల ముగ్గు వేస్తున్నారు. నాలుగు రోజుల కిందట చూశాను. రంగు ఇంకా నిలబడటం లేదు గానీ గీత అద్దంలా ఉంది. రంగు ఎలా నిలపాలో కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేతవాళ్లని అడగొచ్చు. అక్కడ మిర్గాన్ కుటుంబాల్లో వేరు నుంచి ఎరుపు తీసి నూలుకు పట్టించే పని ఆడవాళ్లదే, నూనె, బూడిద, పేడ నీళ్లతో ఎన్నో రోజులు నడిపిస్తారు. మన చుట్టుపక్కల ఆ చదువు ఉన్నది వాళ్ల దగ్గర. వెళ్లి అడుగుదాం. అడిగితే డబ్బిచ్చి అడుగుదాం.

వచ్చే మార్గశిరం మొదటి లక్ష్మివారానికి మా వీధిలో ఝోటి, ముగ్గు పక్కపక్కన వేయిద్దామనుకుంటున్నాం. ఎవరి గుమ్మం ముందు ఎవరు వేశారో చిన్న పలక మీద పేరు రాసి పెడతాం. తెలుగు, ఒడియా, సవర లిపుల్లో ఏదైనా సరే. పోటీ కాదు, బహుమతులుండవు. మీ ఊళ్ల నుంచి ఎవరైనా వస్తామంటే రాత్రి పడుకోడానికి మా ఇంట్లో జాగా ఉంది, చాపలు మీరే తెచ్చుకోండి.

కొండ మీంచి వచ్చిన ముగ్గురికీ ఆఖరి బస్సు నాలుగున్నరకి. అంచేత ప్రశ్నలేమైనా ఉంటే ముందు వాళ్లని అడగండి. వాళ్ల కవర్లు రిజిస్టరు దగ్గర ఉన్నాయి, సంతకం పెట్టించుకునే ముందు లోపల ఎంతుందో లెక్కపెట్టి చూపించండి. నన్ను తర్వాత అడగొచ్చు, నేను ఈ ఊళ్లోనే ఉంటాను.